విదిలించే ముందు ఒక మాట

ఆవిడ రోజూ పొద్దున్నే తలుపుకి రెండుసార్లు తాళం వేసేది.

మా గుమ్మానికి ఎదురుగా వాళ్ల గుమ్మం. మధ్యన ఒక మంచం పట్టేంత నడవా. సరిగ్గా ఆరున్నరకి ఆ తలుపు మూసుకునేది, తాళం టిక్కుమనేది, చెప్పులు నాలుగు మెట్లు దిగేవి. ఐదో మెట్టు మీద ఆగేవి. అవే చెప్పులు గబగబా పైకొచ్చేవి. తాళం తీసిన చప్పుడు, లోపలికి పరుగు, కాసేపు నిశ్శబ్దం, నీళ్లు పోసిన చప్పుడు, మళ్ళీ తాళం. స్టవ్ కట్టేశానో లేదో అన్న అనుమానం కాబోలు అనుకునేవాళ్లం. కింద వాటాలో ఉండే రిటైరైన పోస్ట్‌మాస్టరుగారు పేపరు మీంచి తలెత్తకుండానే అడిగేవారు.

"ఏమ్మా, స్టవ్ ఆరిందా?"

"ఆరింది బాబాయిగారూ. ఇవాళ్టికి ఆరింది."

నవ్వుతూనే అనేది, కానీ ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయేది. గొంతులోకి దిగనిచ్చేది కాదు. అంతకు ముందు ఆవిడ నవ్వితే రెండు అంతస్తుల వరకూ వినిపించేది. మా చిన్నది పలక ముందు కూర్చుని ఆ నవ్వు విని ఊరికే నవ్వేది. ఆ నవ్వు ఎందుకు ఆగిందో, తాళం ఎందుకు రెండుసార్లు పడేదో చాలా రోజుల తర్వాత మా వంటింట్లో బఠాణీలు ఒలుస్తూ ఆవిడే చెప్పింది. ఆవిడకి స్టవ్ గురించి ఏ అనుమానమూ ఉండేది కాదు. లేవగానే ఒకసారి, స్నానమయ్యాక ఒకసారి, తల దువ్వుకున్నాక ఒకసారి బాత్రూంకి వెళ్లి వచ్చేది. అయినా తాళం టిక్కుమనగానే పొత్తికడుపులో ఎవరో గంట కొట్టినట్టయ్యేది. ఇక ఆగేది కాదు.

ఆవిడది పెద్దాసుపత్రి కింది అంతస్తులో పని. అక్కడ బట్టలుతికే విభాగం ఉంది. వార్డుల నుంచి మాసిన దుప్పట్లు తాడు బిగించిన గుడ్డసంచుల్లో కిందికొస్తాయి. ఓ చివర గదిలో వాటిని విప్పి, ఏ మురికిది ఆ మురికిగా వేరుచేసి, పెద్ద పెద్ద మిషన్లలో వేస్తారు. ఉతికి ఆరాక ఈ చివర మడతబల్ల దగ్గరికి తెస్తారు. పద్ధెనిమిదేళ్లుగా ఆవిడ ఆ బల్ల దగ్గర ఉంది. మిషన్ల నుంచి తడిసంచులు ఎత్తడం, మడిచినవి సంచుల్లో వేసి తాడు బిగించి పైకి వెళ్లే బండి ఎక్కించడం కూడా ఆ బల్ల వాళ్ల పనే. ఆమె మడిచిన దుప్పటి అంచులు కత్తిరించినట్టు కలుస్తాయి. అందుకే చిన్నా పెద్దా అందరికీ ఆవిడ మడతలక్క.

దుప్పటి మడవడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. తాళ్లలా మెలికపడి వచ్చిన దాన్ని ఇద్దరు చెరో రెండు చెంగులూ పట్టుకుని, వెనక్కి జరిగి, ఒక్కసారి గట్టిగా విదిలించాలి. దుప్పటి ఫట్‌మని మోగాలి. మోగితే ముడతలు పోయినట్టు. ఆపైన ఇద్దరూ ఎదురెదురుగా నడిచొచ్చి చెంగులు కలపాలి, మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి. రోజుకి మూడు వందల దుప్పట్లు. పద్ధెనిమిదేళ్లుగా అవతలి చెంగు పట్టుకున్నది ఒక్కతే. ఆవిడని అందరూ పొట్టి అనేవాళ్లు. ఆమె కూడా ఆ పేరుకే పలికేది.

"పొడుగూ, నువ్వు చెంగు పట్టుకుంటే దుప్పటి కొండెక్కుతుంది, నేను పట్టుకుంటే నేల తుడుస్తుంది. మధ్యలో పడుకునే రోగి జారిపోడా?" అనేది పొట్టి.

"రోగి సంగతి సరే, ముందు నువ్వు జారకుండా నించో."

ఎదురెదురుగా నడిచొచ్చిన ప్రతిసారీ పొట్టి ఒక మాట చెవిలో వేసి వెనక్కి వెళ్లేది. సగం జోకు ఒక దుప్పటికి, తక్కిన సగం మరో దుప్పటికి. ముగింపు ఎప్పుడూ విదిలింపుకి. ఫట్‌మన్న చప్పుడూ మడతలక్క నవ్వూ కలిసి వచ్చేవి. మిషన్ల హోరులో కూడా ఆ నవ్వు విని సూపర్‌వైజరు గాజు తలుపు వెనక తనలో తాను నవ్వుకునేవాడట. ఒకరి కష్టాన్ని ఇంకొకరి మాట తేలిక చేయడం కూడా భగవంతుడు పెట్టిన ఏర్పాటే అని నాకనిపిస్తుంది.

నాలుగేళ్ల కిందట ఆవిడకి ఒక పొడిదగ్గు పట్టుకుంది. దగ్గు నెలన్నరలో పోయింది కానీ, దగ్గినప్పుడల్లా ఒకటి రెండు చుక్కలు జారడం పోలేదు. తర్వాత తుమ్మితే జారేది. తర్వాత తడిసంచి ఎత్తితే. తర్వాత దుప్పటి విదిలిస్తే. ఒకరోజు పొట్టి ఏదో అంది, ఈవిడ పకపకా నవ్వింది, కాళ్ల మధ్య వెచ్చగా తగిలింది. ఆ రోజు సాయంత్రం దాకా ఆవిడ బల్లకి ఆనుకుని అటూ ఇటూ కదలకుండా నిలబడింది. మర్నాటి నుంచి నవ్వడం మానేసింది.

అలా మానేసినవి ఒక్కొక్కటీ పెరుగుతూ వచ్చాయి. పనిలోకి వెళ్లేముందు మంచినీళ్లు మానేసింది. మధ్యాహ్నం దాకా గొంతు తడుపుకునేంతే. లేత రంగు బట్టలు మానేసింది. కుర్చీలో కూర్చోవడం మానేసింది, తప్పక కూర్చుంటే లేచేముందు చేత్తో తడిమి చూసుకునేది. బజారుకి వెళ్తే సరుకులకన్నా ముందు బాత్రూం ఎక్కడుందో కళ్లు వెతికేవి. ఏ వీధిలో ఏ హోటల్లో అడిగితే లోపలికి పోనిస్తారో ఆవిడకి కంఠతా వచ్చు. వారం వారం ప్రార్థనకి వెళ్లినప్పుడు ముందు వరసలో కూర్చునే మనిషి, తలుపు పక్కన స్తంభం దగ్గరికి మారిపోయింది. "గాలి తగుల్తుందని" అనేది. కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకోవడానికి కూడా మనసు నిలిచేది కాదు, ఎప్పుడు లేవాల్సొస్తుందో అని.

భర్త బస్సుల డిపోలో మెకానిక్కు. మెత్తని మనిషి. ఆయన గురక వల్ల నిద్ర పట్టడం లేదని చెప్పి ఈవిడ మంచం ముందుగదిలోకి మార్చుకుంది. ఆయన నిజమే అనుకున్నాడు. వీపు వెనక దిండు కట్టుకుని పక్కకి తిరిగి పడుకోవడం అలవాటు చేసుకున్నాడు, అలా పడుకుంటే గురక తగ్గుతుందని ఎవరో చెప్పారట. వారానికోసారి అడిగేవాడు.

"ఇప్పుడు తగ్గినట్టుందా?"

"ఇంకొంచెం తగ్గాలి."

ఆ మాట అన్నప్పుడల్లా తన నోరు చేదయ్యేదని చెప్పింది. గురక ఎప్పుడో తగ్గింది.

ఇంటి దగ్గర దండెం అందరికీ కలిపి ఒకటే. దాని మీద ఆరవేసిన ప్రతి గుడ్డనీ పది కళ్లు చూస్తాయి. అందుకని ఆవిడ ఒక ఉపాయం చేసింది. ఆసుపత్రిలో పనికిరావని పక్కన పడేసిన పాత దుప్పట్లలోంచి అరచేతికి రెండింతలుండే గుడ్డలు కత్తిరించి, నాలుగు పొరలు వేసి, అంచు కుట్టుకుంది. పొద్దున పెట్టుకున్నవి సాయంత్రం ఆడవాళ్ల వార్డు మాసిన సంచిలో అడుగున వేసేది. మర్నాడు అవి ఉతికి ఆరి వచ్చినప్పుడు, బల్ల దాకా చేరకముందే బుట్టలోంచి తీసి సంచిలో దాచుకునేది. రెండేళ్లు ఎవరికీ తెలియలేదు.

కానీ లోపల దిగులు ఊరుకోలేదు. దుప్పటి మడవడానికి పొట్టి ఎదురుగా నడిచొచ్చిన ప్రతిసారీ, మొహాలు జానెడు దూరంలోకి వచ్చిన ప్రతిసారీ, నా దగ్గర వాసన వస్తోందా అన్న బెంగ. పొట్టి ముక్కు ఎగబీలిస్తే చాలు, అడుగు వెనక్కి వేసేది. ఆ ముక్కు జలుబుకి ఎగబీలిందో దేనికో. మూడు వందల దుప్పట్లు, ఒక్కోదానికి మూడుసార్లు ఎదురుపడటం. అలా రోజు మొత్తం.

చివరికి ఒకనాడు సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లి, "సార్, నన్ను మాసిన బట్టల గదిలోకి మార్చండి" అంది.

ఆయన చెవి మీది పెన్ను తీసి బల్ల మీద పెట్టాడు. ఆ గదిలోకి ఎవరూ కోరి వెళ్లరు. రక్తం, చీము, మలమూత్రాలు, మందుల వాసన. అక్కడ ఒక్క మనిషే పని చేయాలి, పలకరించే దిక్కుండదు.

"మడతలక్కా, ఎవరితోనైనా గొడవా?"

"లేదు సార్. నించుని నించుని మోకాళ్లు..."

"అక్కడ మాత్రం కూర్చుని చేస్తారా?"

ఆ గదిలో అన్ని వాసనల మధ్య తన వాసన ఎవరూ పట్టలేరు. ఆవిడ కోరుకున్నది అంతే. ఆ మాట ఎలా చెబుతుంది? ఆయన కూడా గుచ్చి అడగలేదు. "ఆ గదిలో పెద్దావిడకి ఇంకో మూడు నెలల సర్వీసుంది. ఆవిడ దిగిపోయిన రోజున అడుగుతాను, అప్పటికీ ఇదే మాటయితే మార్చేస్తాను" అన్నాడు.

సాయంత్రానికల్లా పొట్టికి తెలిసిపోయింది.

"ఏంటే, మాసిన గదికి పోతావంట?"

"మోకాళ్లు లాగుతున్నాయే."

"మోకాళ్లా, నేనా?"

"నువ్వేం చేశావు?"

"అదే నాకూ తెలీదు. ఏడాదిగా నా జోకులకి నవ్వవు. పక్కన కూర్చుని తినవు. నేను దగ్గరికొస్తే మొహం తిప్పేస్తావు. నా నోట్లోంచి కంపు కొడుతోందేమోనని రెండు రకాల పళ్లపొడులు మార్చాను తెలుసా?"

మడతలక్కకి ఆ మాటకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రెండూ ఆపుకుంది. ఏది బయటపడినా కింద జారుతుందని భయం. ఆ ఆపుకోవడం చూసి పొట్టి ఇంకోలా అనుకుంది. మర్నాటి నుంచి విదిలించేటప్పుడు మాట్లాడటం మానేసింది. దుప్పట్లు ఫట్ ఫట్‌మని మోగుతూనే ఉన్నాయి, మధ్యలో మాటే లేదు.

ఆ వారంలోనే ఒక పొరపాటు బయటపడింది. ఆ పని తెలిసినవాళ్లకి తప్ప ఇంకొకరికి రాని పొరపాటు.

ఆసుపత్రిలో ప్రతి గుడ్డ మూలకీ ఒక దారపు గుర్తు ఉంటుంది. ఆడవాళ్ల వార్డుకి రెండు ఎర్ర కుట్లు, పిల్లల వార్డుకి పచ్చనివి, ఇలా. గుర్తు లేని గుడ్డ కంటబడితే మడతలక్క చెయ్యి ఊరుకోదు, వెంటనే సూదిలో దారం ఎక్కించేస్తుంది. తన గుడ్డలు కుట్టుకునేటప్పుడూ అదే జరిగింది. ఆలోచన లేకుండానే ప్రతి దాని మూలకీ రెండు ఎర్ర కుట్లు వేసేసింది. ఒకరోజు కొత్త దుప్పట్లు వచ్చాయని సూపర్‌వైజరు ఆమెని స్టోరుకి పంపాడు. తిరిగొచ్చేసరికి బుట్ట ఖాళీ. ఆడవాళ్ల వార్డు బండి పైకి వెళ్లిపోయింది. అందులో ఎనిమిది చిన్న గుడ్డలు.

ఆ రాత్రి ఆవిడకి కునుకు పట్టలేదు. మర్నాడు తాళం రెండుసార్లు కాదు, మూడుసార్లు పడింది.

పదకొండు గంటలకి ఆడవాళ్ల వార్డు హెడ్ సిస్టర్ కిందికి దిగింది. నడివయసు దాటిన మనిషి, నడుస్తుంటే తాళాల గుత్తి చప్పుడవుతుంది. మడతలక్కని సబ్బుల స్టోరులోకి పిలిచి తలుపు దగ్గరకు వేసింది. చేతిలో పేపర్లో చుట్టిన పొట్లం.

"ఇవి మా వార్డు గుర్తుతో వచ్చాయి. కానీ మా వార్డువి కావు."

హెడ్ సిస్టర్ పొట్లం విప్పి ఒక గుడ్డ అంచు చూపించింది.

"ఈ అంచు కుట్టు నాకు తెలుసమ్మా. చిరిగిన నా దుప్పట్లన్నీ ఇదే కుట్టుతో కుట్టి పంపుతావు. ఎన్నాళ్ల నుంచి?"

"నాలుగేళ్లు సిస్టరుగారూ." చెప్పి, అంతలోనే, "నేను ఆసుపత్రి గుడ్డ వాడుకున్నాను. పడేసినవే. తప్పే" అంది.

"నేను గుడ్డ గురించి అడగలేదు. మూత్రంలో ఎప్పుడైనా రక్తం కనిపించిందా? మంట? జ్వరం?"

"లేవు."

"మరి నాలుగేళ్లు ఎందుకు ఊరుకున్నావు? మెట్లెక్కితే పైన డాక్టరే ఉందిగా."

"వయసుకి ఇంతేనేమో అనుకున్నాను. ముగ్గుర్ని కన్నాను. మా అమ్మ కూడా ఇలాగే..." ఆవిడ ఆగిపోయింది. "దీనికి మందు ఉంటుందని నాకు తెలీదు."

హెడ్ సిస్టర్ పొట్లం ఆమె చేతిలో పెట్టి, పైన ఒక చీటీ పెట్టింది. రేపు తొమ్మిదింటికి, ఆడవాళ్ల డాక్టరు. "నేను పేరు రాయలేదు. వరసలో నించోకు. వెనక తలుపు నుంచి రా, తీసుకెళ్తాను" అంది. ఆ వెనక తలుపు మాట చెబుతూ మడతలక్క మా ఇంట్లో బఠాణీలు ఒలవడం ఆపి కళ్లు తుడుచుకుంది. అంత పని మధ్య ఒక మనిషి ఇంకో మనిషి సిగ్గు గురించి అంత ఆలోచించింది చూడండి.

డాక్టరమ్మ చాలా ప్రశ్నలు వేసింది. మూత్రం, చక్కెర పరీక్షలు చేయించింది. మూత్రానికి వెళ్లొచ్చాక స్కానింగ్ చేసి లోపల ఎంత మిగిలిందో చూసింది. పెద్దగా దగ్గమంది. మడతలక్క సిగ్గుతో చచ్చిపోయినంత పనయింది కానీ దగ్గింది. తర్వాత ఒక కాగితం ఇచ్చి, మూడు రోజులు ఎన్ని గంటలకి ఎన్ని నీళ్లు తాగిందో, ఎన్నిసార్లు ఎంతెంత వెళ్లిందో, ఎప్పుడు జారిందో రాసుకురమ్మంది. కొలవడానికి గీతలున్న ప్లాస్టిక్ గ్లాసు కూడా ఇచ్చింది.

ఆ మూడు రోజులూ ఆవిడ గ్లాసు పట్టుకుని తిరగడం చూసి భర్త అడగనే అడిగాడు. ఆవిడ మొదటిసారి నిజం చెప్పింది. ఆయన ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆఖరికి, "అయితే నా గురక..." అన్నాడు. "ఎప్పుడో తగ్గింది" అంది ఆవిడ. ఆయన వెళ్లి ఆ దిండు విప్పేసి, మంచం మీద మామూలుగా వెల్లకిలా పడుకుని, "హమ్మయ్య" అన్నాడట.

కాగితం చూసి డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. మూత్రసంచి మూతిని మూసి ఉంచే కండరాలు, దాన్ని కింద నుంచి ఊయలలా మోసే కండరాలు వదులయ్యాయి. రెండో కాన్పులో బిడ్డ తల పెద్దదై పట్టకార్లు వేసి బయటికి లాగారు. నెలసరి ఆగిపోయాక ఆ కండరాలు ఇంకా పలచబడతాయి. పద్ధెనిమిదేళ్లుగా తడిసంచులు ఎత్తడం, మలబద్ధకంతో ముక్కడం, అన్నీ వాటి మీదే బరువు. అందుకే దగ్గితే, నవ్వితే, విదిలిస్తే జారడం. ఇది ఒకటి. రెండోది, తాళం చప్పుడుకి తన్నుకు రావడం. "ఎందుకైనా మంచిదని రోజుకి పదిహేనుసార్లు వెళ్లారు. సంచికి కొంచెం నిండగానే ఖాళీ చేయమనడం అలవాటైపోయింది. నీళ్లు మానేశారు, దాంతో మూత్రం చిక్కబడి సంచి గోడని ఇంకా రేపింది, మలబద్ధకం ఎక్కువైంది. పైగా నాలుగు కప్పుల టీ. తగ్గాలని మీరు చేసినవన్నీ పెంచినవే" అంది డాక్టరమ్మ. మందలిస్తున్నట్టు లేదు ఆ గొంతు. "చాలామంది ఇదే చేస్తారు. ఇక్కడికొచ్చే ఆడవాళ్లలో ఎంతమందికి ఉందో తెలిస్తే మీకు సిగ్గుండదు."

"ఆపరేషనా అమ్మా?"

"అవసరమైతే చిన్నది ఉంది. మాత్రలున్నాయి. లోపల పెట్టుకునే రింగు ఉంది. ముందు అవేవీ వద్దు. మూడు నెలలు కసరత్తు చేయండి. శ్రద్ధగా చేస్తే చాలామందికి తగ్గుతుంది."

మూడు నెలలు. మాసిన గది పెద్దావిడ దిగిపోయేదీ అప్పుడే. మడతలక్క వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ మెట్లు దిగింది.

కసరత్తు నేర్పింది ఒక ఫిజియో అమ్మాయి. కూతురి వయసుంటుంది. మూత్రం మధ్యలో ఆపినట్టు లోపలి కండరాలు బిగించి, పదంకెలు లెక్కపెట్టి, వదిలి, మళ్ళీ పదంకెలు ఆగాలి. పదిసార్లు, పూటకోసారి, రోజుకి మూడు పూటలు. అయితే నిజంగా మూత్రానికి వెళ్లినప్పుడు అలా ఆపి చూడకూడదు. గ్లాసు గ్లాసు చొప్పున రోజంతా నీళ్లు తాగాలి, టీ ఒక్క కప్పే. తన్నుకొచ్చినప్పుడు పరుగెత్తకూడదు. నిలబడి, నాలుగైదుసార్లు గబగబా బిగించి, ఆ ఉధృతం తగ్గాక నడిచి వెళ్లాలి. ముందు ఐదు నిమిషాలు ఆగడం, వారం గడిచాక పది, అలా పెంచాలి.

మర్నాడు పొద్దున తాళం పడ్డాక, ఐదో మెట్టు మీద చెప్పులు ఆగాయి. చాలాసేపు ఆగాయి. కింద పోస్ట్‌మాస్టరుగారు పేపరు దించి పైకి చూశారు. వెనక్కి వెళ్లాయి, కానీ పరుగు లేదు.

రెండు వారాలు చెప్పినట్టే చేసింది. తగ్గలేదు సరికదా, జారడం ఎక్కువైంది. ఆవిడకి గాభరా పట్టుకుంది. పొట్టి మాట్లాడదు. గడువు దగ్గరపడుతోంది. ఇది నా వల్ల కాదు, మాసిన గదే నాకు రాసిపెట్టి ఉంది అనుకుంది. ఫిజియో అమ్మాయి దగ్గరికి ఆ మాట చెప్పడానికే వెళ్లింది. ఆ అమ్మాయి పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి, "ఇప్పుడు చేయండి పిన్నిగారూ" అంది. ఒక్క క్షణంలో చెయ్యి తీసేసింది.

"మీరు బిగించడం లేదు. ఊపిరి బిగబట్టి కిందికి ముక్కుతున్నారు. బలమంతా కిందికే పోతోంది. పైకి లాగాలి."

"పైకి ఎలా లాగుతారమ్మా? కండరం చేతికి అందదు కదా."

అమ్మాయి అటూ ఇటూ చూసింది. మూలన ఆ ఫిజియో గదిలోని మాసిన బట్టల సంచి వేలాడుతోంది. లేచి వెళ్లి దాని మూతి తాడు బిగించి, సంచిని కొంచెం పైకెత్తింది.

"ఇలా. మూతి ముడుచుకోవాలి, సంచి పైకి లేవాలి. ఊపిరి మామూలుగా ఆడుతుండాలి. తొడలూ పిర్రలూ కదలకూడదు."

పద్ధెనిమిదేళ్లుగా కొన్ని వేల సంచుల తాళ్లు బిగించిన చెయ్యి అది. మడతలక్క కళ్లు మూసుకుంది. లోపల ఎక్కడో ఒక తాడు సన్నగా బిగుసుకుంది. పొత్తికడుపు మీద అమ్మాయి చెయ్యి తట్టింది.

"అదీ, అదే. ఈపాటి తెలివి ఉంచుకుని రెండు వారాలు కిందికి ముక్కారా?"

"మీరు సంచి ముందే చూపించి ఉండాల్సింది తల్లీ."

ఇద్దరూ నవ్వుకున్నారు. జారింది, కొంచెం. ఈసారి ఆవిడ పట్టించుకోలేదు.

అప్పటి నుంచి బస్సులో కూర్చుని బిగించింది. ప్రార్థనలో స్తంభం పక్కన కూర్చుని బిగించింది. "దేవుడికి నా అవస్థ తెలుసు, తప్పుగా అనుకోడు" అంది నాతో. అనుకోడనే నా నమ్మకం కూడా. ఆరో వారానికి బాత్రూంకి వెళ్లడం పదిహేను నుంచి ఎనిమిదికి దిగింది. పదో వారానికి మంచం మళ్ళీ లోపలి గదిలోకి వెళ్లింది. మెకానిక్కు గురక పెడుతున్నాడని ఈసారి నిజంగానే ఫిర్యాదు చేసింది. పన్నెండో వారం ఒకరోజు మా వాకిట్లో తాళం ఒక్కసారే పడింది. చెప్పులు ఆగకుండా కిందిదాకా దిగిపోయాయి.

"అమ్మాయీ, స్టవ్..." పోస్ట్‌మాస్టరుగారి మాట గాలిలోనే ఉండిపోయింది.

కానీ అంతా తీరలేదు. దగ్గు వస్తోందని ముందే తెలుస్తుంది, గొంతులో గరగర మొదలవగానే తాడు బిగించుకుంటుంది, చుక్క జారదు. సంచి ఎత్తేముందు బిగించుకుంటుంది, జారదు. దుప్పటి విదిలింపు ఒక్కటే లొంగలేదు. ఎందుకంటే విదిలింపు ఎప్పుడూ పొట్టి చేతిలో ఉంటుంది. పద్ధెనిమిదేళ్లుగా లాగేది ఆమే, ఈవిడ అందుకునేది. మాటల్లేకుండా పని చేస్తున్నప్పటి నుంచీ పొట్టి ఎప్పుడు లాగుతుందో తెలియడం లేదు. ఒక్క క్షణం ముందు తెలిస్తే చాలు. ఆ ఒక్క క్షణం కావాలంటే నోరు తెరిచి సంగతి చెప్పాలి.

పెద్దావిడ దిగిపోయే రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం సూపర్‌వైజరు గాజు తలుపు తీసి, "మడతలక్కా, సాయంత్రం ఐదుకల్లా చెప్పాలి, అటా ఇటా?" అని వెళ్లిపోయాడు. గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది. ఎదురుగా పొట్టి మొహం గంటు పెట్టుకుని చెంగు అందుకుంది. ఒక దుప్పటి అయింది. రెండో దుప్పటి అయింది. మడతలక్క నోటిదాకా వచ్చిన మాట వెనక్కి పోతోంది, మళ్ళీ వస్తోంది. నాలుగయింది. నాలుగుంపావు. బుట్ట అడుగు కనిపిస్తోంది.

మూడో మడతకి ఎదురెదురుగా వచ్చినప్పుడు చెంగులు కలిపి, ఈవిడ వదల్లేదు.

"వదులు" అంది పొట్టి.

"నువ్వు పళ్లపొడి మార్చక్కర్లేదే. కంపు నీది కాదు."

పొట్టి చెంగు లాగడం ఆపింది.

"నాకు మూత్రం ఆగదు. నాలుగేళ్ల నుంచి. నవ్వితే జారుతుంది, అందుకని నవ్వలేదు. నీకు వాసన తగుల్తుందని మొహం తిప్పుకున్నాను. మాసిన గదిలో అయితే ఎవరికీ తెలీదని..."

మిషన్లు తిరుగుతున్నాయి. పొట్టి చెంగు పట్టుకునే ఒక అడుగు దగ్గరికి జరిగింది.

"ఆ ఎనిమిది గుడ్డలూ నేనే మడిచాను" అంది మెల్లిగా. "నీ కుట్టేనని తెలుసు. అడిగితే నొచ్చుకుంటావని అడగలేదు. అందుకే విదిలించేటప్పుడు జోకులు మళ్ళీ మొదలెట్టలేదు, నవ్వితే నీకు ఇబ్బందని."

"నువ్వు అలిగావనుకున్నాను."

"అలిగాను కూడా. అది వేరే."

గాజు తలుపు వెనక సూపర్‌వైజరు గడియారం వైపు చూశాడు. మడతలక్క ఇంకా చెంగు వదల్లేదు. కసరత్తు సంగతి, సంచి తాడు సంగతి, మూడు నెలల్లో ఎంత తగ్గిందో, ఏది మిగిలిందో గబగబా చెప్పేసింది. చెప్పి, పక్క బుట్టలో మిగిలిన ఆఖరి దుప్పటి తీసి, రెండు చెంగులు పొట్టి చేతిలో పెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసింది.

"నేనిక్కడే ఉంటాను. కానీ నాకొక సాయం చెయ్యవే. లాగేముందు 'ఊ' అను. ఒక్క అంకె ఆగు. నేను లోపల తాడు బిగించుకుంటాను, అప్పుడు లాగు. రోజుకి మూడు వందలసార్లు అనాలి మరి, అంటావా?"